తెల్లగీతకు ఇవతల కట్టిన మజ్జిగ సీసా

నేను రాసిన ఉత్తరాలు ఇన్నేళ్ళూ ఎవరూ చదవలేదు. చదివిన వాళ్ళు జవాబివ్వాలి కదా, ఎవరూ ఇవ్వలేదు. క్యాంపు ఆఫీసుకు రాశాను. కంపెనీకి రాశాను. మన శుక్రవారం తెలుగు సహవాసం సెక్రటరీ గారికి మూడుసార్లు రాసి నా చేత్తోనే ఆయన చేతిలో పెట్టాను. ప్రతిసారీ ఆయన ఆ కాగితాన్ని రెండు మడతలు పెట్టి, బైబిలులో దోపుకుని, "చూద్దాం బ్రదర్" అన్నారు. చూడలేదు.

మొన్న అదే సెక్రటరీ గారు తనంతట తానే ఫోన్ చేశారు. పెద్దాయన పోయారట. నర్సాపురం దగ్గర సొంతూళ్ళో, మధ్యాహ్నం భోంచేసి పడుకుని మళ్ళీ లేవలేదట. ఆయన జ్ఞాపకంగా సహవాసం తరఫున చిన్న పుస్తకం వేస్తున్నారట. "మీరు ఆయనతో కలిసి పనిచేశారు కదా బ్రదర్, ఒక రెండు పేజీలు రాసివ్వండి. నాలుగు మంచి మాటలు" అన్నారు.

నేను అడిగినప్పుడు ఎవరికీ తీరిక లేదు. ఇప్పుడు నా మాటలు అవసరమయ్యాయి. సరే, రాస్తాను. రెండు పేజీల్లో అవదు. అన్నీ మంచి మాటలే ఉంటాయని హామీ కూడా ఇవ్వను. ఒక్క ముక్క కూడా కొట్టేయకుండా వేస్తామని సెక్రటరీ గారు ఫోన్లో ఒప్పుకున్నారు. ఆ మాట ఇక్కడ రాసి పెడుతున్నాను, రేపు మర్చిపోకుండా.

ఆయన పేరు రాయను. ఆయనను నేను ఏనాడూ పేరుతో పిలవలేదు. క్యాంపులో హిందీ వాళ్ళకు ఆయన చాచా. కోస్తా వాళ్ళకు బాబాయి. మాది జగిత్యాల దగ్గర పల్లె, మా వైపు కాకా అంటాం. మొదటిరోజే ఆయన, "కాకా ఏవిటోయ్, కాకిని పిలిచినట్టు. బాబాయ్ అను" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేను ఆయనను చివరిదాకా కాకా అనే పిలిచాను.

ఆయన నన్ను పేరు పెట్టి పిలవలేదు. "ఏవోయ్ జగిత్యాలా" అనేవాడు. ఊరి పేరే మనిషి పేరైపోయింది. నేను అప్పటికి పదేళ్ళ అనుభవం ఉన్న ఫిట్టర్ని. ఒక శుక్రవారం సహవాసంలో కొత్తవాళ్ళకు నన్ను పరిచయం చేస్తూ, "వీడు మా ఫ్యాక్టరీ మిషను వాళ్ళ కుర్రాడు" అన్నాడు. ముప్పై నాలుగేళ్ళ మనిషిని, ఇద్దరు పిల్లల తండ్రిని. ఇవన్నీ నాకు గుర్తున్నాయి. గుర్తుండటం తప్పయితే ఆ తప్పు ఒప్పుకుంటాను.

ఇది ఆఫీసులకు గురు, శుక్రవారాలు సెలవుగా ఉన్న రోజుల మాట. బహ్రెయిన్‌లో హిద్ అనే ఊరు దాటాక సముద్రం వైపు ఒక ఫ్యాక్టరీ ఉండేది. దానికి కావలసిన కరెంటు అదే తయారు చేసుకునేది. అందుకోసం ఒక గ్యాస్ టర్బైను. గాలిని లోపలికి లాగి, నలిపి, అందులో గ్యాసు మండించి, ఆ వేడి గాలి ఊపుతో రెక్కల చక్రాలను తిప్పే యంత్రం అది. నేను దాని మనిషిని. ఆయన ఆ యంత్రానికి గ్యాసు తెచ్చే గొట్టం మనిషి. కంపెనీలు వేరు, సూపర్‌వైజర్లు వేరు. క్యాంపు మాత్రం ఒకటే.

ఆ చోటు ఎలా ఉండేదో చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. గ్యాసు దక్షిణాన ఎడారిలోంచి, అవాలి అవతల నుంచి, భూమిలో పూడ్చిన గొట్టంలో చాలా ఒత్తిడితో వస్తుంది. అంత ఒత్తిడి మా టర్బైనుకు పనికిరాదు. అందుకని ఒక వాల్వు దగ్గర తగ్గిస్తారు. ఒత్తిడి అలా ఒక్కసారిగా పడిపోతే గ్యాసు చల్లబడుతుంది. మరీ చల్లబడితే అందులో కంటికి కనబడకుండా కలిసి ఉన్న నూనె, చెమ్మ బొట్లుగా విడిపోతాయి. ఆ బొట్లు టర్బైనులోకి పోకూడదు. అందుకే వాల్వుకు ముందే ఒక హీటరు పెట్టి గ్యాసును వెచ్చబెడతారు. హీటరూ వాల్వూ గొట్టం వాళ్ళవి. అవి దాటాక నేల మీద జానెడు వెడల్పున తెల్లగీత. గీతకు ఇవతల, తప్పించుకుని వచ్చిన బొట్లను పట్టుకోవడానికి ఒక నిలువు డ్రమ్ము. డ్రమ్ము, దాని వెనక టర్బైను మావి. పొద్దున ఆరింటికి డ్రమ్ము అడుగున ఉన్న కుళాయి తిప్పి, పోగయిన చెమ్మ తీసేయడం నా డ్యూటీ. షిఫ్టుకు ఒక్కసారి. కాగితం మీద అలాగే ఉంది.

మొదటి రోజు నేను హీటరు ఎలా ఉంటుందో చూద్దామని గీత దాటాను. ఆయన ఎక్కడినుంచి చూశాడో, "నీ రాజ్యం అక్కడిదాకే బాబూ" అని కేకేశాడు. మలయాళీ వెల్డర్లు తలెత్తి చూశారు. నేను వెనక్కి వచ్చేశాను. ఆయన మాత్రం రోజూ గీత దాటి మా వైపు వచ్చేవాడు. అడిగితే, "గ్యాసుకు గీత తెలీదు కదోయ్" అనేవాడు. ఆయనకో న్యాయం, నాకో న్యాయం.

పొట్టి మనిషి. నెత్తిన తడి తువ్వాలు, దాని మీద హెల్మెట్. ఒక కాలు కాస్త ఈడ్చి నడిచేవాడు. ముప్పై ఏళ్ళు వెల్డింగు చేసి చేసి అరచేతులు రెండూ మొద్దుబారిపోయాయి. వేడి వేడి టీ గ్లాసును అంచు పట్టుకోకుండా పిడికిలి మూసి పట్టుకునేవాడు. ఒకసారి ఎండలో కాలిన ఇనుప నిచ్చెనను అలాగే పట్టుకుని ఎక్కుతుంటే, "చేతులు కాల్తలేవా కాకా?" అన్నాను. "తెలీదోయ్. చేతులు ఎప్పుడో చచ్చిపోయాయి" అన్నాడు, పోగొట్టుకున్న గొడుగు గురించి చెప్పినట్టు.

ఆయన గొట్టాన్ని దాటేవాడు కాదు. నేల మీద మోకాలెత్తున పోయే గొట్టాన్ని మేమందరం కాలెత్తి దాటిపోయేవాళ్ళం. ఆయన కాలు ఈడ్చుకుంటూ ఆ చివరిదాకా నడిచి, చుట్టూ తిరిగి వచ్చేవాడు. నేను దాటుతుంటే చూసి ఒకసారి గట్టిగా తిట్టాడు.

"పడుకున్న మనిషిని దాటుతావా నువ్వు?"

"మనిషెక్కడిది కాకా, ఇనుపగొట్టమాయె."

"గొట్టవే. లోపల ఊపిరుంది."

ఆ ఊపిరి సంగతి ఆయన ఒకసారి నాకు చెప్పాడు. నేను అడగలేదు, ఆయనే మొదలుపెట్టాడు. టర్బైను తిరుగుతున్నంత సేపూ గ్యాసు లాగుతుంది. గొట్టం పొడవునా గ్యాసు కుక్కి ఉంటుంది కాబట్టి అది ఇస్తూ ఉంటుంది. యంత్రం ఒక్కసారిగా ఆగితే, వస్తున్న గ్యాసుకు పోయే దారి లేక గొట్టంలో ఒత్తిడి పెరుగుతుంది. యంత్రం ఒక్కసారిగా ఎక్కువ లాగితే ఒత్తిడి జారిపోతుంది, జారిపోతే మంట ఆరిపోతుంది. "ఇక్కడ మీవాడు దగ్గితే అక్కడ ఎడారిలో మావాడికి పొలమారుద్ది" అన్నాడు. "మీరేమో వాడు వేరు వీడు వేరని మధ్యలో సున్నం గీశారు."

"గీత మేం గీయలే కాకా. ఇంజనీర్లు గీసిన్రు."

"ఎవరు గీస్తేనేం, కాపలా కాసేది నువ్వేగా."

నేను చెప్పే ప్రతి మాటకూ ఆయన దగ్గర ఒక మాట ఉండేది. అవాలి నుంచి హిద్ దాకా లైను వేసినప్పుడు పొడవంతా నడిచానని, ప్రతి అతుకూ గుర్తేనని చెప్పుకునేవాడు. అంత దూరం అన్ని అతుకులు ఎవరికి గుర్తుంటాయి? నేను నమ్మలేదు. టర్బైనును గాలిపంకా అనేవాడు. అదీ నేను మర్చిపోలేదు.

ఇక మజ్జిగ.

వాల్వు దాటాక గొట్టం చల్లగా ఉంటుందని చెప్పాను కదా. బహ్రెయిన్ ఆగస్టులో చల్లగా ఉన్న వస్తువు ఏదైనా ఉందంటే జనం వదలరు. మా వైపు, డ్రమ్ముకు మూరెడు ముందు, గొట్టం అడుగు భాగంలో నీడ పడే చోట, అందరూ ప్లాస్టిక్ సీసాలు తీగతో కట్టేవాళ్ళు. మలయాళీలవి, పాకిస్తానీ డ్రైవరుది, నాది. హీటరు పనిచేస్తూ ఉంటే సీసాలో నీళ్ళు కుండలో నీళ్ళంత చల్లగా ఉండేవి, అంతకన్నా చల్లబడేవి కావు. ఆ ఎండకు అదే అమృతం.

ఆ వరసలో ఆయన సీసా ఒకటి. అంగట్లో దొరికే లబన్, అంటే అరబ్బుల చిక్కటి మజ్జిగ, కొని, నీళ్ళు పోసి, ఉప్పు, దంచిన అల్లం, పచ్చిమిర్చి వేసి మజ్జిగ చేసి పొద్దున ఐదున్నరకే కట్టేవాడు. పదకొండున్నరకు వచ్చి విప్పేవాడు. విప్పి నాకు ఇచ్చేవాడు.

"తాగు జగిత్యాలా."

తాగేవాణ్ణి. నా మూతి వైపే చూస్తూ నిలబడేవాడు. "పళ్ళు జివ్వుమన్నాయా?"

"లేదు."

"లేదు గదా. మరేం ఫర్వాలేదు." వెళ్ళిపోయేవాడు.

ఆ మజ్జిగను ఆయన ఒక్కరోజూ తాగలేదు. ఈ సంగతి నేను వారంలోనే కనిపెట్టాను. చల్లవి పడవట, గొంతు పట్టేస్తుందట, టీయే తాగేవాడు. తాను తాగని మజ్జిగ పొద్దున్నే లేచి, అల్లం దంచి, నాకోసం ఎందుకు చేస్తాడు? నేనేం ఆయనకు చుట్టమా? మా డ్రమ్ము దగ్గర నిలబడటానికి ఆయనకు ఒక సాకు కావాలి, ఆ సాకు ఈ సీసా అనుకున్నాను. నా కుళాయి మీద, నా డ్యూటీ మీద ఆరా తీసి వాళ్ళ ఇంజనీరుకు మోస్తున్నాడనుకున్నాను.

ఒకరోజు ముఖం మీదే అడిగాను. "కాకా, నువ్వు తాగవు. నాకెందుకు తాపుతున్నవ్?"

ఆయన గొట్టానికి బిగించిన థర్మామీటరు వైపు చూపించాడు. ఉప్పుగాలికి దాని అద్దం పాలు పోసినట్టు తెల్లబడిపోయింది, ముల్లు కనబడదు. దాన్ని మార్చమని నేను మూడుసార్లు రాసిచ్చాను. ఎవరూ మార్చలేదు.

"నువ్వు కాగితం రాసేవు, నేను సీసా కట్టేను" అన్నాడు. "ఎండకు కాలి గొట్టం పైభాగం అబద్ధం చెబుద్ది. అడుగున నీడలో అరపూట ఆనుకున్న సీసా చెప్పదు. నా చేతులకా, తెలీదు. నీకు పళ్ళున్నాయి."

"గట్లయితే డ్రైవర్ భాయ్‌ని అడుగు, నన్నెందుకు?"

"డ్రమ్ము నీది గదోయ్."

నాకు సగం అర్థమైంది. మిగతా సగం అర్థం చేసుకోవాలని అనిపించలేదు. నా పళ్ళను పనిముట్టుగా వాడుకుంటున్నాడన్న సగం మాత్రం బాగా పట్టుకుంది.

ఆ తర్వాతి శుక్రవారం సహవాసంలో భోజనాలయ్యాక అందరూ కూర్చున్నారు. నేను ఆ మతం వాణ్ణి కాకపోయినా తెలుగు మాట కోసం వెళ్ళేవాణ్ణి, వెనక వరసలో కూర్చునేవాణ్ణి. అన్నంలో రాయి వచ్చిందని వంటవాడి మీద నేను ఒక కాగితం రాసిచ్చాను. అది చూసి ఆయన, "మా జగిత్యాల కాగితం రాశాడంటే తిరుగులేదు. కుళాయి తిప్పడం ఒక్కటే మర్చిపోతూ ఉంటాడు" అన్నాడు. హాలంతా నవ్వింది. అప్పట్లో క్యాంపు ఆఫీసులో గుమాస్తాగా ఉన్న సెక్రటరీ గారు అందరికన్నా ఎక్కువ నవ్వారు. నేను ఒక్కరోజు కూడా కుళాయి మర్చిపోలేదు. ఒక్కరోజు. లేచి బయటికి వచ్చేశాను.

ఆ రోజు నుంచి ఆయన మజ్జిగ ఇచ్చి "పళ్ళు జివ్వుమన్నాయా" అని అడిగితే, సీసా నోటికి ఆనించకముందే "మామూలే" అనడం మొదలుపెట్టాను.

గురువారం వచ్చింది. ఆఫీసులకు సెలవు. హీటరు చూసే ఇంజనీరు రాలేదు. ముందురోజు నుంచీ ఉత్తరపు గాలి గట్టిగా కొడుతోంది. నేను ఆరింటికి కుళాయి తిప్పాను, చెమ్మ తీశాను, పుస్తకంలో రాశాను. ఇది నూటొక్కోసారి చెబుతున్నాను.

పదింటికి డ్రైవర్ భాయ్ తన సీసా విప్పుకుని ఒక గుక్క తాగి, "వాహ్ భాయ్! ఆజ్ తో బరఫ్ హై!" అని అరిచాడు. నీళ్ళు ఐసులా ఉన్నాయట. మలయాళీలు పరుగున వచ్చారు. ఒకడు తాగాడు, ఒకడు మొహాన చల్లుకున్నాడు, ఇంకొకడు క్యాబిన్‌కు పోయి ఉన్న ఖాళీ సీసాలన్నీ నింపి తెచ్చి కట్టాడు. అందరం నవ్వుకున్నాం. ఆగస్టులో దేవుడు ఫ్రిజ్ ఇచ్చాడని ఒకడన్నాడు. ఎందుకింత చల్లగా ఉందని ఒక్కడూ అడగలేదు. నేనూ అడగలేదు. తేమకు గొట్టం రోజూ చెమర్చేదే కాబట్టి చూపుకు తేడా ఏమీ లేదు.

పెద్దాయన అప్పుడు అక్కడ లేడు, లైను వెంట నడవడానికి పోయాడు. పదకొండున్నరకు వచ్చాడు. సీసా విప్పి ఇచ్చాడు. నేను తాగాను.

ఇక్కడి నుంచి రాసేది నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఏ ఉత్తరంలోనూ రాయలేదు. మా ఇంట్లో కూడా చెప్పలేదు.

మొదటి గుక్కకే పై పళ్ళు కుదుళ్ళదాకా లాగేశాయి. కణతలు పట్టేసినట్టయింది. మింగలేక ఒక క్షణం నోట్లోనే పెట్టుకున్నాను.

"పళ్ళు జివ్వుమన్నాయా?"

హాలంతా నవ్విన నవ్వు నా చెవుల్లో ఉంది. "మామూలే" అన్నాను.

"నిజంగానా?"

"చెప్తున్న కదా కాకా. మామూలే."

ఆయన ఒకసారి నా మొహం చూసి, తువ్వాలు సర్దుకుని, గొట్టం చుట్టూ తిరిగి వెళ్ళిపోయాడు. హీటరు వైపు వెళ్ళాడా, టీకి వెళ్ళాడా అన్నది నేను చూడలేదు. చూడకుండా వెనక్కి తిరిగాను.

మధ్యాహ్నం ఒంటిగంట కాకముందే టర్బైను దగ్గింది. అది విన్నవాళ్ళకే తెలుస్తుంది. ఒకే శ్రుతిలో మోగే యంత్రం మధ్యలో గొంతు సవరించుకున్నట్టు ఒక శబ్దం చేసింది, మళ్ళీ చేసింది, తర్వాత తనంతట తానే ఆగిపోయింది. కాగిన మూకుడులో నీటిబొట్టు పడితే ఎలా చిటపటలాడుతుందో అలా, గ్యాసుతో పాటు వచ్చిన నూనె బొట్లు మండకూడని చోట మండాయి. బర్నర్లు రెండు కరిగిపోయాయి. వెనక ఉన్న రెక్కలు కొన్ని మాడాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఫ్యాక్టరీ నాలుగు రోజులు చీకట్లో ఉంది.

హీటరు మంట ఎప్పుడో ఆరిపోయి ఉంది. గాలికి ఆరిందో, ఎవరైనా ఆర్పారో నాకు తెలియదు. టర్బైను ఆగాక గీత దాటి వెళ్ళి, మంట లేని హీటరు నా కళ్ళతో చూశాను. పొద్దున ఆరు తర్వాత చెమ్మ అంతా డ్రమ్ములోకి చేరి, డ్రమ్ము నిండి, పొంగి లోపలికి పోయింది.

అందరూ పరుగులు పెడుతున్నారు. ఆ గందరగోళంలో పెద్దాయన కాలీడ్చుకుంటూ సీసాల దగ్గరకు వచ్చాడు. నేను సగం తాగి కట్టేసిన మజ్జిగ సీసాను విప్పాడు. దాన్ని తన చెంపకు ఆనించుకున్నాడు. అలా ఆనించుకునే నా వైపు చూశాడు. నెత్తి మీది తువ్వాలు తీసి, సీసాకు చుట్టి, చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

సాక్ష్యం మాయం చేశాడని ఆ రోజే రాసిచ్చాను. హీటరు వాళ్ళది. అది ముందే ఆరిపోయిందని చెప్పే వస్తువు, పొద్దున్నుంచీ మార్చకుండా కట్టి ఉన్న ఆ సీసా ఒక్కటే. దాన్ని ఆయన ఎత్తుకుపోయాడు. అలా కాక ఇంకెలా అనుకోవాలి?

మూడోరోజు విచారణ జరిగింది. ముగ్గురు ఇంజనీర్లు కూర్చున్నారు, ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచారు. నన్ను ఇంగ్లీషులో రెండు ప్రశ్నలడిగి పంపేశారు. పెద్దాయనకు తెలుగు, క్యాంపు హిందీ తప్ప రావు. అందుకని ఆయన పక్కన దుబాసీగా క్యాంపు ఆఫీసు గుమాస్తాను కూర్చోబెట్టారు. ఆ గుమాస్తా ఎవరో ఇప్పటికి అర్థమయ్యే ఉంటుంది. మన సెక్రటరీ గారే.

గది తలుపుకు అద్దం ఉంది. నేను బయట నీళ్ళ కూలరు దగ్గర నిలబడి చూశాను. మాట వినబడలేదు, మనుషులు కనబడ్డారు. పెద్దాయన చాలాసేపు మాట్లాడాడు. చేతులతో గొట్టం చూపించాడు, సీసా కట్టడం చూపించాడు. ఒకచోట తన గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఒకచోట వేలు నా వైపు చూపించాడు. సెక్రటరీ గారు అద్దంలోంచి తలెత్తి నన్ను చూశారు. తర్వాత ఇంగ్లీషులో చెప్పారు. ఆయన అంతసేపు చెప్పినదాన్ని ఈయన రెండు మాటల్లో చెప్పేశారు. ఒక ఇంజనీరు తలూపి రాసుకున్నాడు. అంతే, ఖలాస్.

నివేదికలో హీటరన్న మాటే లేదు. "డ్రమ్ము ఖాళీ చేయలేదు, టెక్నీషియన్ నిర్లక్ష్యం" అని ఉంది. హాల్లో ఆయన వేసిన జోకే, టైపు కొట్టి కింద ముగ్గురు సంతకాలు పెట్టారు. నా పుస్తకంలో ఆరింటికి రాసిన ముక్క, టర్బైను కాలాక రాసుకున్నదన్నారు.

నన్ను టర్బైను మీద నుంచి తీసేసి, అది పీల్చే గాలిని వడకట్టే ఫిల్టర్ల గదికి వేశారు. ఎడారి దుమ్ము దులపడం. అక్కడే రెండేళ్ళు ఉన్నాను. ఫిట్టరుగా ఇంకెక్కడ అడిగినా ఆ నివేదిక నాకన్నా ముందే చేరేది. అది తప్పని రాసినవే ఇన్నేళ్ళ నా ఉత్తరాలు. సీసాలు కట్టడం నిషేధించారు. థర్మామీటరు మాత్రం మార్చారు. నేను రాసిన కాగితాల్లో పనిచేసింది అదొక్కటే, అదీ టర్బైను కాలాక.

పెద్దాయనతో మాట మానేశాను. ఎదురుపడితే ఆయన "ఏవోయ్" అనేవాడు. నేను గొట్టాన్ని ఆయన ముందే కాలెత్తి దాటి పోయేవాణ్ణి.

చివరిసారి చూసింది ముహర్రక్ విమానాశ్రయంలో. ఆయన శాశ్వతంగా వెళ్ళిపోతున్నాడని తెలిసి వెళ్ళాను. సాగనంపడానికి కాదు, అడగడానికి. సహవాసం వాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చారు. సెక్రటరీ గారు టికెట్టు పని మీద కౌంటరు దగ్గర ఉన్నారు. పెద్దాయన కుర్చీలో సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూడగానే సంచిలోంచి ప్లాస్టిక్ సీసా తీశాడు.

"విమానంలోకి పట్టుకెళ్ళనివ్వరంట. పారబోయడం ఎందుకు, తాగు."

అదే అల్లం వాసన. ఎందుకు పుచ్చుకున్నానో తెలియదు. తాగాను. మొహం వైపే చూస్తున్నాడు.

"ఎలా ఉంది?"

"ఏడిగున్నది కాకా. పులిసింది గూడ."

ఆయన నవ్వాడు. పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. "హమ్మయ్య. ఇవ్వాళ నిజం చెప్పేవు."

నా చేతిలో సీసా అలాగే ఉండిపోయింది. ఆయనకు తెలుసు. అప్పటినుంచీ తెలుసు. చెంపకు ఆనించుకున్నప్పుడే తెలిసిపోయింది.

"ఆనాడు గదిల ఏం చెప్పినవ్ కాకా?"

"అంతా చెప్పేనోయ్. నీ సంగతి చెప్పేను, నా సంగతీ చెప్పేను."

"నీ సంగతేంది?"

ఆయన నోరు తెరిచాడు. సెక్రటరీ గారు ఎప్పుడు వచ్చారో, "బాబాయ్, టైమైపోతోంది, లేవండి లేవండి" అని ఆయన చంకలో చెయ్యి వేసి లేపారు. ఆయన కాలు ఈడ్చుకుంటూ నడిచాడు. లోపలికి పోయేచోట నేల మీద ఎవరిదో పెద్ద సూట్‌కేసు అడ్డంగా పడి ఉంది. అందరూ దాటిపోతున్నారు. ఆయన మాత్రం ఆగి, దాని చుట్టూ తిరిగి వెళ్ళాడు.

అదే ఆయన నాకు చివరగా కనబడటం. ఆయన మంచివాడా అని ఈ పుస్తకం అడుగుతోంది. నాకు తెలియదు. ఆ సీసాను వాళ్ళ హీటరును కాపాడటానికి దాచాడా, నా "మామూలే"ను కాపాడటానికి దాచాడా? నా వైపు చూపిన వేలు, "వీడు అబద్ధం చెప్పాడు" అన్నదా, "వీడు ఆరింటికి కుళాయి తిప్పాడు, నేను చూశాను" అన్నదా? గుండె మీద పెట్టుకున్న చెయ్యి దేని గురించి? మంట ఆరిందని ఆయనకు ముందే అనుమానం వచ్చి, నా మాట నమ్మి ఊరుకున్నాడా? ఆ నాలుగు రోజుల చీకట్లో నా వాటా ఎంతో నేను ఇక్కడ రాసేశాను. నూనె డ్రమ్ములోకి చేరుతున్నప్పుడు నా పళ్ళకు తెలుసు, నా నోరు చెప్పలేదు. ఆ వాటా నాది. కుళాయి తిప్పలేదన్న మాట మాత్రం నాది కాదు, అది నేను మోయను.

సెక్రటరీ గారూ, ఆ గదిలో తెలుగు తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు పోయారు. రెండో వారు మీరు. అప్పుడు మీకు జీతమిచ్చే కంపెనీదే ఆ హీటరన్న సంగతి నేను మర్చిపోలేదు. "చూద్దాం బ్రదర్" ఇక వద్దు. ఆయన ఇంగ్లీషులో ఏమన్నట్టు మీరు చెప్పారో నాకు అక్కర్లేదు, అది నివేదికలో ఉంది. ఆయన తెలుగులో ఏమన్నాడో అది రాయండి. తెలుగులోనే, ఆయన అన్నట్టే, ఈ పుస్తకంలోనే, నా పేజీకి ఎదురు పేజీలో. అది వేసేదాకా ఈ పుస్తకం అచ్చుకు పంపకండి.